వందేళ్ళకోసారి వచ్చేది ఈ ఏడే రావచ్చు

(ఒంగోలులో ఉపాధ్యాయులు, డిగ్రీ విద్యార్థుల కోసం ఏర్పాటైన సభలో రిటైర్డ్ జియాలజీ లెక్చరర్ ఒకరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఆ తలుపు దగ్గర గుంపుగా ఉండొద్దు బాబూ.

నాకిచ్చిన విషయం పెద్దది. పెద్ద భూకంపాలు, అగ్నిపర్వతాలు, మహా వరదలు. ఈ మూడింటికీ ఉమ్మడి గుణం ఒకటుంది. ఇవి ఏటా రావు. ఏటా వచ్చేదానికి మనిషి జాగ్రత్త నేర్చుకుంటాడు. తుపాను కబురు వస్తే పడవలు ఎక్కడ కట్టాలో, వలలు ఎక్కడ దాచాలో మన పాలేల్లో పదేళ్ళ పిల్లాడికి కూడా తెలుసు. ఎందుకు తెలుసు? ఏటా చూస్తాడు గనక. మరి యాభై ఏళ్ళకో, వందేళ్ళకో, వెయ్యేళ్ళకో ఒకసారి వచ్చేదాని సంగతి ఎవరు నేర్పాలి? తాత చూసి ఉంటాడు, మనవడికి చెప్పి ఉండడు. చూసినవాళ్ళు పోయాక, చూడనివాళ్ళు ఇళ్ళు కడతారు, రోడ్లు వేస్తారు, ప్లాట్లు అమ్ముతారు. ఈ సాయంత్రం నేను మాట్లాడేదంతా ఈ మరుపు గురించే.

ముందు ఒక చిన్న లెక్క. వందేళ్ళకోసారి వచ్చే వరద అని ఇంజనీర్లు అంటుంటారు. వినగానే మనకేమనిపిస్తుంది? ఒకసారి వచ్చి పోయింది గదా, ఇక మనవళ్ళ కాలం దాకా రాదులే అనిపిస్తుంది. దాని అర్థం అది కాదమ్మా. ఏ ఏడాది తీసుకున్నా అంతటి వరద రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని అర్థం. నిరుడు వచ్చినా సరే, ఈ ఏడు మళ్ళీ నూటికి ఒక వంతే. ఇల్లు కట్టుకుని ముప్పై ఏళ్ళు బ్యాంకు లోను కడుతున్నారనుకోండి. ఆ ముప్పై ఏళ్ళలో ఒక్కసారైనా ఆ వరద ఇంట్లోకి రావడానికి ఎంత అవకాశం? నూటికి 26. అంటే నాలుగో వంతు కంటే ఎక్కువ. డెబ్బై ఏళ్ళ జీవితంలో అయితే సగానికి సగం. ఇప్పుడు చెప్పండి, వందేళ్ళకోసారి అన్న మాట మీకు అంత దూరంగా వినిపిస్తోందా?

సరే. మూడింటిలో మనం దేనికి ఎంత భయపడాలి? భయం కూడా కొలతగా ఉండాలి గదా. అగ్నిపర్వతాల సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే అది త్వరగా తేలిపోతుంది.

మన జిల్లాలో అగ్నిపర్వతం పేలుతుందా? పేలదు. ముండ్లమూరు మండలం పూరిమెట్ల దగ్గర, ఏల్చూరు దగ్గర కనిపించే కొన్ని రాళ్ళు ఒకప్పుడు భూమి లోపల కరిగి ఉన్న ద్రవం చల్లారి గట్టిపడినవే. ఆ రాళ్ళున్న ప్రాంతానికి మా జియాలజీలో ప్రకాశం ఆల్కలైన్ ప్రావిన్స్ అనే పేరుంది. కానీ అది వంద కోట్ల ఏళ్ళకు పైబడిన సంగతి. ఆ పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది. మన దేశంలో ఇప్పుడు మండుతున్న అగ్నిపర్వతం ఒక్కటే, అండమాన్లలోని బారెన్ ద్వీపం. చాలాకాలం నిద్రపోయి 1991లో లేచింది. అక్కడ మనుషులెవరూ ఉండరు.

అయితే ఇక్కడ పేలదు అంటే ఇక్కడికి రాదని కాదు. నంద్యాల జిల్లా బనగానపల్లె దగ్గర జ్వాలాపురం అనే ఊరుంది. మీలో ఎవరైనా వెళ్ళారా? ఈసారి యాగంటి వెళ్ళినప్పుడు అక్కడ దిగి చూడండి. జుర్రేరు వాగు లోయలో తెల్లటి బూడిద పొర కనబడుతుంది. చేత్తో తీసుకుంటే మెత్తగా ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు దాన్ని తవ్వి అమ్ముకున్నారు కూడా. ఆ బూడిద ఎక్కడిది? ఇండోనేషియాలో సుమత్రా దీవిలో తోబా అనే చోట 74 వేల ఏళ్ళ క్రితం పేలిన అగ్నిపర్వతానిది. ఇక్కడికి రెండున్నర వేల కిలోమీటర్ల పైన ఉంటుంది. ఆ పేలుడు జరిగిన గుంట ఇప్పుడు వంద కిలోమీటర్ల పొడవున్న చెరువు. ఆకాశం నుంచి నేరుగా రాలిన పొర జ్వాలాపురంలో కొద్ది సెంటీమీటర్లే. మిగతా బూడిద వానలకు చుట్టుపక్కల నుంచి కొట్టుకొచ్చి పల్లంలో పేరుకుంది, కొన్నిచోట్ల మనిషి ఎత్తు దాటి. నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది ఇంకొకటి ఉంది. ఆ పొర కింద రాతి పనిముట్లు దొరికాయి, ఆ పొర పైన కూడా దొరికాయి. అంటే అప్పుడక్కడ ఉన్న మనుషులు పూర్తిగా తుడిచిపెట్టుకుపోలేదని ఆ తవ్వకాలు చేసిన శాస్త్రవేత్తలు 2007లో రాశారు. ఆ నేల మీద నిలబడితే ఒళ్ళు జలదరిస్తుంది.

1883లో ఆ ఇండోనేషియాలోనే క్రకటోవా అనే అగ్నిపర్వతం పేలినప్పుడు 36 వేల మంది పోయారు. ఎక్కువమంది నిప్పుకు పోలేదు, సముద్రం మీదికొచ్చి పోయారు. ఆ అలల జాడ మద్రాసు రేవులో నీటిమట్టం కొలిచే పరికరానికి కూడా అందింది. సముద్రం సంగతికి మళ్ళీ వస్తాను.

కాళ్ళ కింద నేల

ఇప్పుడు భూకంపం. ఈ సభలో 65 దాటినవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మీలో 1967 మార్చి 27 గుర్తున్నవాళ్ళు ఎంతమంది? ఒకటి, రెండు... ఆ మూల ఇంకొకరు. చూశారా పిల్లలూ, ముగ్గురు. ఆ రోజు ఇదే ఒంగోలు ప్రాంతంలో 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆంధ్ర కోస్తాలో గట్టిగా చెప్పుకోవలసిన భూకంపాల్లో అదొకటి. అది మీ ఊళ్ళోదే, మీ పుస్తకాల్లో ఎక్కడైనా ఉందా? సభ అయ్యాక ఆ ముగ్గురి దగ్గరికీ వెళ్ళి కూర్చుని అడగండి. గోడలు ఏ తీరుగా ఊగాయో, జనం ఎటు పరిగెత్తారో రాసుకోండి.

2024 డిసెంబరు మీకందరికీ గుర్తుంటుంది. 4వ తేదీ పొద్దున ములుగు దగ్గర 5.3తో వచ్చింది, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తెలిసింది. అదే నెల మూడో వారంలో మన ముండ్లమూరు, తాళ్ళూరు, దర్శి వైపు వరసగా కొన్ని రోజులు కంపించింది. బళ్ళలోంచి పిల్లలు బయటికి పరిగెత్తారు. అవి చిన్నవి, 3 స్థాయిలోవి. అంతకుముందు 2015, 2016లలో నెల్లూరు జిల్లా వింజమూరు, వరికుంటపాడు, దుత్తలూరు వైపు ఇలాగే నెలల తరబడి వచ్చాయి. జనం రాత్రిళ్ళు ఆరుబయట పడుకున్నారు.

అప్పటి నుంచి నన్ను రెండు ప్రశ్నలు అందరూ అడుగుతున్నారు. ఒకటి, చీమకుర్తి క్వారీల్లో పేల్చడం వల్లనా అని. క్వారీ పేలుడు పైపైన కదిలిస్తుంది, చుట్టుపక్కల ఇళ్ళకు బీటలు తెప్పిస్తుంది, ఆ బాధ నిజమే, దాని మీద అడగవలసిందే. కానీ ఈ ప్రకంపనలు పుట్టేది కిలోమీటర్ల లోతులో. గుండ్లకమ్మ వెంబడి పాత పగులు ఒకటి ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో చెబుతున్నారు. భూమి పైపెంకులో మన దేశం ఉన్న పలక మొత్తం ఏడాదికి దాదాపు ఐదు సెంటీమీటర్లు ఉత్తరంగా జరుగుతూ హిమాలయాల కింద ఒత్తుకుంటోంది. ఆ ఒత్తిడి వెనక్కి తన్ని ఇక్కడి పాత పగుళ్ళ మీద కూడా పడుతుంది.

రెండోది, చిన్న చిన్నవి వస్తుంటే లోపలి ఒత్తిడి తగ్గిపోయి పెద్దది రాదంట గదా సార్ అని. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ చాలా ప్రమాదమైన మాట. లెక్క చూద్దాం. తీవ్రతలో ఒక్క అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. 6 స్థాయి భూకంపంలో ఉండే శక్తి తీరిపోవాలంటే 3 స్థాయి ప్రకంపనలు ఎన్ని రావాలి? 31 వేల పైచిలుకు. ముండ్లమూరులో ఎన్ని వచ్చాయి? వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కాబట్టి చిన్నవి వచ్చాయని నిశ్చింతగా ఉండటానికి లేదు. అలాగని చిన్నవి వచ్చాయి గనక పెద్దది తప్పకుండా వస్తుందని కూడా కాదు, చాలాసార్లు అవి అలా వచ్చి అలాగే ఆగిపోతాయి. ఫలానా రోజున భూకంపం వస్తుందని చెప్పగలిగే శాస్త్రం ప్రపంచంలో ఎక్కడా లేదు. వాట్సాప్‌లో తేదీ, టైముతో సహా మెసేజి వస్తే అది అబద్ధం. వెంటనే తీసేయండి, ఇంకొకరికి పంపకండి.

ఇప్పుడు మహారాష్ట్రలోని లాతూరు గురించి చెప్పాలి. 1993 సెప్టెంబరు 30, తెల్లవారుజామున నాలుగు గంటలకు కొంచెం ముందు. ముందురోజు వినాయక నిమజ్జనం. జనం రాత్రి పొద్దుపోయేదాకా తిరిగి వచ్చి ఒళ్ళు తెలియకుండా పడుకున్నారు. 6.2 తీవ్రత. దాదాపు పదివేల మంది పోయారు. భూకంప భయాన్ని బట్టి దేశాన్ని జోన్లుగా విడగొట్టిన అప్పటి మ్యాపులో, ఆ భూకంపం వచ్చిన కిల్లారి ప్రాంతం ఏ జోన్‌లో ఉందో తెలుసా? ఒకటో జోన్. అంటే అన్నిటికంటే భయం తక్కువ ఉన్న జోన్. ఆ తర్వాత 2002లో మ్యాపు మార్చి ఒకటో జోనునే తీసేశారు. ఆ 2002 మ్యాపులో మన ఒంగోలు, నెల్లూరు ఉన్నది మూడో జోన్‌లో. ఇంకొకటి, అక్కడ కూడా ముందు ఏడాది 1992లో చిన్న చిన్న ప్రకంపనలు వచ్చాయి.

అక్కడ అంతమంది ఎందుకు పోయారు? 6.2 అంటే జపానులో పెద్ద సంగతి కాదు. అక్కడి ఇళ్ళను చూడండి. రెండు మూడు అడుగుల మందం రాతి గోడలు, రాళ్ళ మధ్య మట్టి, పైన దూలాల మీద ఏళ్ళ తరబడి వేస్తూ పోయిన మట్టి. గోడ విచ్చుకుంది, కప్పు మొత్తం మీద పడింది. ఇప్పుడు మన మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి వైపు పల్లెల్లో పాత రాతి మిద్దెలు గుర్తు తెచ్చుకోండి. ఏటా వానలకు ముందు మట్టి ఎత్తి పోసిన మిద్దెలు. తేడా ఏముంది? ఏమీ లేదు. ఆ మిద్దెల్లో ఇప్పటికీ మన అమ్మలు, నాయనలు పడుకుంటున్నారు. కనీసం పైన పేరుకున్న అదనపు మట్టిని దింపించండి. గోడలు పొట్ట ఉబ్బి ఉంటే ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వకండి.

కొత్త ఇళ్ళకు భయం లేదా? 2001 జనవరి 26న గుజరాత్‌లోని భుజ్‌లో వచ్చిన 7.7 భూకంపానికి అక్కడికి రెండొందల కిలోమీటర్ల పైన ఉన్న అహ్మదాబాదులో పదుల అపార్టుమెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింద పార్కింగు, ఉత్త పిల్లర్లు, గోడలు లేవు. పైన బరువంతా ఆ పిల్లర్ల మీద. నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఇప్పుడు ఏ వీధికి వెళ్ళినా కనబడేవి అవే గదా? పార్కింగు వద్దని నేననను. పిల్లరు సరిగా కట్టమంటాను.

సరిగా అంటే ఏమిటి? ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను, ఇల్లు కట్టుకునేవాళ్ళు చెవిన వేసుకోండి. పిల్లరులో నిలువు కడ్డీల చుట్టూ రింగులు కడతారు. ఆ రింగు చివరలు రెండూ ఎలా వంచారో మీరే వెళ్ళి చూడండి. మామూలుగా మేస్త్రీలు మూలమట్టంగా, 90 డిగ్రీలకు వంచి వదిలేస్తారు, పని తొందరగా అవుతుందని. అలా కాదు, చివర ఇంకా లోపలికి, 135 డిగ్రీలకు వంగి పిల్లరు మధ్యలోకి దిగి ఉండాలి. ఎందుకు? నేల ఊగినప్పుడు పిల్లరు పైపెచ్చు ముందు రాలిపోతుంది. 90కి వంచిన రింగు అప్పుడు విచ్చుకుంటుంది, కట్టెల మోపుకు కట్టిన తాడు ముడి ఊడినట్టే. కడ్డీలు బయటికి వంగుతాయి, పిల్లరు కూర్చుండిపోతుంది. లోపలికి వంచిన రింగు ఊడదు. పిల్లరు మొదట్లో, చివర్లో, బీము కలిసేచోట రింగులు దగ్గర దగ్గరగా ఉండాలి. దీనికి అయ్యే అదనపు ఖర్చు ఎంత? గేటుకు వేయించే డిజైను కంటే తక్కువ. ఇటుక గోడల ఇల్లయితే పునాది మీద ఒక బెల్టు, తలుపుల పైన లింటెల్ బెల్టు ఇల్లంతా చుట్టూ తెగకుండా పోవాలి. కిటికీల మీద మాత్రమే ముక్కలు ముక్కలుగా వేస్తే ఉపయోగం లేదు. కాంక్రీటు పోసేముందు ఒక్క గంట సైటులో నిలబడండి. పోసేశాక అది ఎవరికీ కనబడదు.

నీటి దగ్గరికి వద్దాం

ఇదంతా చెప్పాక కూడా, అయ్యా, మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో మనుషుల్ని ఎక్కువగా పొట్టన పెట్టుకున్నది నేల కాదు, నీళ్ళు. నా భయంలో పెద్ద వాటా నీటిదే.

2004 డిసెంబరు 26, ఆదివారం, పౌర్ణమి. సుమత్రా దగ్గర 9.1 భూకంపం మన టైము ప్రకారం ఉదయం ఆరున్నరకు. మన ఒడ్డుకు సునామీ నీళ్ళు వచ్చేసరికి రెండున్నర గంటల సమయం ఉంది. రెండున్నర గంటలు! కొత్తపట్నం నుంచి ఒంగోలు వైపు సగం దారికి పైగా నడిచి రావచ్చు. కానీ చెప్పేవాళ్ళు లేరు. ఆంధ్రాలో నూరుమందికి పైగా పోయారు, మన ప్రకాశం, నెల్లూరు తీరాల వాళ్ళు అందులో ఉన్నారు. ఇప్పుడు ఆ లోటు చాలావరకు తీరింది. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే సంస్థలో 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. పెద్ద భూకంపం వచ్చిన నిమిషాల్లో అక్కడి నుంచి కబురు బయల్దేరుతుంది. ఆ కబురు పాలెం దాకా చేరాక ఏం చేయాలో పాలేనికి తెలియాలి, అది మన పని.

ఒక సంగతి పిల్లలకు తప్పకుండా చెప్పండి. సునామీకి ముందు సముద్రం వెనక్కి పోతుంది, అది చూసి పరిగెత్తాలి అని పుస్తకాల్లో ఉంటుంది. థాయ్‌లాండు వైపు అలాగే జరిగింది. మన వైపు చాలాచోట్ల ముందు నీరే మీదికి వచ్చింది. కాబట్టి వెనక్కి పోయేదాకా చూద్దామని ఆగొద్దు. మొదటి అల పోయాక నీరు లాగేసుకుంటుంది, అప్పుడు చేపలు ఏరుకుందామని, సామాను తెచ్చుకుందామని దిగొద్దు. తర్వాతి అల ఇంకా పెద్దది కావచ్చు.

ఇక పెన్న. ఎండాకాలం నెల్లూరులో రైలు వంతెన మీద నుంచి చూస్తే కనుచూపు మేర ఇసుకే గదా. ఆ ఇసుకను చూసి నది చచ్చిపోయిందనుకుంటాం. పెన్నకు పెద్ద నీరు వచ్చేది ఎప్పుడు? మన తుపాన్ల కాలంలో, అక్టోబరు, నవంబరుల్లో. అప్పటికే సోమశిల నిండి ఉంటుంది. నిండిన డ్యాము మీద తుపాను వాన పడితే ఆపుకునే చోటుండదు.

2021 నవంబరు చూడండి. 19వ తేదీ పొద్దున కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టి కట్ట కొట్టుకుపోయింది. ఐదు గేట్లలో ఒకటి అప్పటికే లేవని స్థితిలో ఉంది. నీరు కట్ట మీదుగా దొర్లింది. రాతి కట్టడం మీదుగా నీరు పోతే కొంతసేపు తట్టుకుంటుంది. మట్టి కట్ట మీదుగా పోతే తట్టుకోదు, గంటల్లో కోసుకుపోతుంది. పులపత్తూరు, మందపల్లి వైపు ఊళ్ళు పోయాయి. ముప్పై మందికి పైగా మనుషులు పోయారు. ఆ నీళ్ళన్నీ ఎటు వచ్చాయి? చెయ్యేరు పెన్నలో కలుస్తుంది, పెన్న సోమశిలకు వస్తుంది, సోమశిల నుంచి మన నెల్లూరుకు. మర్నాటికి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. కోవూరు దగ్గర హైవే తెగింది. మద్రాసు, విజయవాడల మధ్య రాకపోకలు నిలిచాయి. పెన్న ఒడ్డు కాలనీల్లో నీళ్ళు ఇళ్ళలోకి వచ్చాయి.

ఆ కాలనీలు అక్కడికి ఎలా వచ్చాయి? వరద ఊళ్ళ మీదికి రాకుండా వేసిన పొర్లుకట్టకు లోపలి వైపు, నది తన అవసరానికి ఉంచుకున్న చోటులో. పేదవాళ్ళు వేరే చోటు దొరక్క అక్కడ వేసుకున్నారు, వాళ్ళను తప్పుపట్టను. వాళ్ళకు కరెంటు మీటరు, ఇంటిపన్ను రసీదు ఇచ్చి, ఇక్కడికి నీరు వస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు, దాన్ని తప్పుపడతాను. ఆ పక్కన లేఅవుట్లు వేసి లక్షలకు అమ్మినవాళ్ళను ఇంకా తప్పుపడతాను.

మన వైపు కూడా చూసుకుందాం. గుండ్లకమ్మ ప్రాజెక్టులో 2022లో ఒక గేటు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను తర్వాత ఇంకో గేటు కొట్టుకుపోయాయి. అదే గుండ్లకమ్మ మీద ఎగువన కంభం చెరువు ఉంది. విజయనగర రాజుల కాలంలో రెండు కొండల మధ్య సందు చూసి కట్ట వేశారు. అయిదు వందల ఏళ్ళుగా నిలబడి ఉంది. వాళ్ళకు మనకంటే ఎక్కువ సిమెంటు ఉండి కాదు. చోటు చూసి కట్టారు, మిగులు నీటికి దారి వదిలారు, తరాల తరబడి కట్టను కనిపెట్టుకుని ఉన్నారు. మన ఊరి చెరువుల కలుజులు, అంటే చెరువు నిండాక మిగులు నీరు బయటికి పోయే దారులు, ఇప్పుడు ఎలా ఉన్నాయి? కొన్నిచోట్ల కలుజు దిగువ కాలవే లేదు, దాని మీద ఇళ్ళున్నాయి. కలుజు పారకపోతే ఆ నీరు కట్ట మీదుగా పోతుంది. కట్ట మీదుగా పోతే ఏమవుతుందో ఇందాకే చెప్పాను. వర్షాలకు ముందు తూములు, కలుజులు, గేట్ల గొలుసులు చూశారా అని గ్రామసభలో అడగండి. అడగడం మన హక్కు. జవాబు రాసివ్వమనండి.

నీరు వచ్చేటప్పుడు ఏం చేయాలో రెండు ముక్కల్లో చెబుతాను. ఖాళీ చేయమని చాటింపు వేస్తే వెలుతురు ఉండగానే కదలండి, గొడ్లను విప్పి వదలండి. రోడ్డు మీద పారే నీటిలోకి బండి దించకండి, మోకాలి లోతు నీరు కూడా కారును పక్కకు నెడుతుంది. జిల్లా కంట్రోల్ రూము నంబరు 1077, ఫోనులో ఇప్పుడే వేసుకోండి.

ఇక్కడున్న టీచర్లను ఒక పని అడుగుతాను. 2021లో మీ ఊళ్ళో నీరు ఎక్కడిదాకా వచ్చిందో తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. గోడల మీద మరక కూడా కొన్నిచోట్ల ఉంది. సున్నం వేస్తే పోతుంది. పిల్లల్ని తీసుకెళ్ళి ఆ ఎత్తు టేపుతో కొలిపించండి. బడి గోడ మీద, గుడి ప్రహరీ మీద, సచివాలయం మెట్ల దగ్గర అదే ఎత్తులో నీలం గీత గీయించండి. దాని పక్కన తేదీ రాయించండి. సముద్రం ఒడ్డు ఊళ్ళలో 2004 గీత వేయించండి. ఇల్లు కట్టుకోవడానికి చోటు చూసుకునేవాడు ఆ గీత చూడాలి, స్థలం అమ్మేవాడూ చూడాలి. రంగు నాలుగైదు ఏళ్ళకు వెలిసిపోతుంది. అందుకని ఎనిమిదో తరగతి పిల్లలకు అప్పగించండి, ఏటా సెప్టెంబరులో, తుపాన్లు మొదలవకముందే, వాళ్ళ చేత ఆ గీత మళ్ళీ దిద్దించండి.